కార్యవర్గంలో మహిళ ఒక్కరే ఉన్నప్పుడు డిమాండ్ల పత్రంలో మన మాట ఎలా నిలబడుతుంది?

టెస్టింగ్_బెంచి
బెంగళూరులోని ఒక కేంద్ర ప్రభుత్వరంగ కర్మాగారంలో పద్దెనిమిదేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గత ఎన్నికల్లో గెలిచిన ప్యానెల్ తరఫున కార్మిక సంఘం కార్యవర్గంలోకి వచ్చాను. మొత్తం 21 మంది సభ్యులలో మహిళను నేనొక్కదాన్నే. పర్మినెంటు కార్మికులు సుమారు 1,900 మంది ఉండగా అందులో మహిళలం 230 మందిమి.

వేతన సవరణ చర్చల కోసం డిమాండ్ల పత్రం తయారవుతోంది. మహిళల తరఫున నేను ఆరు అంశాలు రాసి ఇచ్చాను: రెండో షిఫ్టు ముగిశాక ఇంటి వీధి మలుపు దాకా బస్సు, పాత స్టోరు వైపు పనిచేసేవారికి దగ్గరలో మరుగుదొడ్డి, షిఫ్టు వేళలకు తగినట్లు క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది) వేళలు, పిల్లల సంరక్షణ సెలవు, ప్రసూతి సెలవు కాలాన్ని పదోన్నతికి కావలసిన హాజరులో కలపడం, కాంట్రాక్టు మహిళల పిల్లలకు క్రెష్‌లో ప్రవేశం. ముసాయిదా తిరిగి నా చేతికి వచ్చేసరికి ఆ ఆరూ కలిసి ఒక్క వాక్యమయ్యాయి. 41వ అంశం: “మహిళా ఉద్యోగుల సంక్షేమానికి తగిన చర్యలు తీసుకోవాలి.” దాని పైనున్న 40వ అంశంలో క్యాంటీన్ వడ బరువు గ్రాములతో సహా ఉంది.

ప్రధాన కార్యదర్శిని అడిగితే, “చర్చల్లో అన్నీ చెబుతాం కదమ్మా” అన్నారు. చర్చలకు వెళ్ళే ఏడుగురిలో నేను లేను. మహిళా విభాగం పెట్టమని అడిగినందుకు మార్చి 8న ముగ్గుల పోటీ నిర్వహించే బాధ్యత అప్పగించారు. ఇప్పుడు నేను ప్రత్యేక మహిళా ఉపసంఘం కోసం పట్టుబట్టాలా, లేక వచ్చే ఎన్నికల్లో మరికొందరు మహిళలతో కలిసి మామూలు పదవులకే పోటీ చేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

కోలారు_శీను
సంఘంలో ఆడ, మగ అనే విభజన తీసుకొస్తే సంతోషించేది యాజమాన్యమే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు ఊరికే అనలేదు. కార్యదర్శి మీ ప్యానెల్ మనిషే కనుక కొంచెం నమ్మకం ఉంచండి.

రెండో_షిఫ్టు
శీను గారూ, కడబంతిలో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాం. మా విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో కరివేపాకు తప్ప ఏమీ మిగలడం లేదు.

నైటు_నాగరాజు
వడ బరువు ఎన్ని గ్రాములు అడిగారో కూడా చెబితే మిగతా చర్చ సాఫీగా సాగుతుంది.

బ్యాంకు_రమ
నేను చెన్నైలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తున్నాను. కర్మాగారాల సంగతి నాకు అంతగా తెలియదు కాని, “తగిన చర్యలు” అనే మాటను మాత్రం బాగా ఎరుగుదును. ఒప్పందంలో ఆ మాట పడిందంటే ఆ డిమాండును గౌరవంగా పాతిపెట్టినట్లే. బ్యాంకు ఉద్యోగుల సంఘాలకు, యాజమాన్యాలకు మధ్య కుదిరిన 12వ ద్వైపాక్షిక వేతన ఒప్పందం మీద 2024 మార్చి 8న సంతకాలు జరిగాయి. మహిళా ఉద్యోగులు నెలకొక రోజు వైద్య ధ్రువపత్రం చూపకుండానే అనారోగ్య సెలవు తీసుకోవచ్చునని అందులో రాశారు. అది కొత్త సెలవేమీ కాదు, మన ఖాతాలో ఉన్న అనారోగ్య సెలవులోంచే తీసుకోవాలి కనుక పెద్ద విజయమని నేను చెప్పను. అయినా అందులో “నెలకు”, “ఒక రోజు”, “ధ్రువపత్రం లేకుండా” అనే మూడు మాటలు ఉన్నాయి. బ్రాంచి మేనేజరు కాదంటే ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టగలుగుతున్నాం. మీ ఆరు అంశాలనూ అంకె, గడువు, బాధ్యత వహించే విభాగం పేరుతో తిరిగి రాయండి. క్రెష్ వేళలు “షిఫ్టులకు అనుగుణంగా” అని కాకుండా “ఉదయం 5.45 నుంచి రాత్రి 11 వరకు” అని రాస్తే ఎవరూ వాటిని సంక్షేమం అనే సంచిలో వేసి మూతి కట్టలేరు.

పాత_స్టోరు_పక్కన
టెస్టింగ్_బెంచి రాసిన మరుగుదొడ్డి సంగతి చదివి ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను. మా కర్మాగారం వేరు, కాని కథ ఒకటే. మా విభాగం కట్టిన రోజుల్లో అక్కడ ఆడవాళ్ళు లేరు కనుక వారికి మరుగుదొడ్డి కట్టలేదు. ఇప్పుడు పదకొండు మందిమి ఉన్నాం. దగ్గరలోని మహిళల మరుగుదొడ్డికి వెళ్ళిరావడానికి నడకే పద్నాలుగు నిమిషాలు పడుతుందని నేను గడియారం పెట్టుకుని మూడు రోజులు లెక్కవేశాను. “మాటిమాటికి సీటు వదిలి వెళుతున్నారు” అని మా సహోద్యోగికి మెమో వచ్చింది. ఆ మెమోకు జవాబు రాయించుకోవడానికి సంఘం ఆఫీసుకు వెళితే, మెమోలు చూసే కార్యదర్శి చాలా మంచి మనిషి, ఎందరి ఉద్యోగాలో నిలబెట్టినవాడు, కళ్ళు దించుకుని “కారణం ఏమని రాయమంటారమ్మా” అని అడిగారు. ఆమె చెప్పలేకపోయింది, ఆయన అడగలేకపోయారు. చివరికి “ఇకపై ఇలా జరగదు” అని క్షమాపణ రాసి ఇచ్చారు. అప్పటి నుంచి ఆమె డ్యూటీలో నీళ్ళు తాగడం మానేసింది.

రెండో_షిఫ్టు
పై పోస్టు శీను గారు ఒకసారి చదవాలి. వడ్డించేవాడు మంచివాడే, కాని ఏం వడ్డించాలో అడగడానికి ఆయనకే సిగ్గు.

కోలారు_శీను
చదివాను. నీళ్ళు తాగడం మానేసిందన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను మాట్లాడింది ఐక్యత గురించి, ఇలాంటివాటిని సమర్థిస్తూ కాదు.

పెరంబూరు_పాతకాపు
నేను చెన్నైలో ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, అందులో పందొమ్మిదేళ్ళు సంఘం బాధ్యతల్లో ఉండి, పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ ప్రశ్న కొత్తది కాదు. అహ్మదాబాదులో 1920లో ఏర్పడిన జౌళి కార్మికుల సంఘానికి అనసూయా సారాభాయ్ వంటి మహిళ నాయకత్వం వహించారు. అయినా అదే సంఘం మహిళా విభాగం నుంచి 1972లో ఇలా భట్ అనే నాయకురాలు స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవ’ను వేరుగా రిజిస్టరు చేయించవలసి వచ్చింది, 1981 నాటికి ఆ రెండింటి దారులూ వేరయ్యాయి. మా మద్రాసులోనే 1979లో శ్రామిక మహిళల మొదటి అఖిల భారత సదస్సు జరిగి, సీఐటీయూ ఆధ్వర్యంలో సమన్వయ కమిటీ ఏర్పడింది. దానికి కన్వీనరు విమల్ రణదివే. వేరే సంఘం పెట్టకుండా, సంఘం లోపలే మహిళలు తమ సమస్యలను చర్చించి పై కమిటీలలోకి రావడానికి అదొక మెట్టు కావాలన్నది ఉద్దేశం. సీఐటీయూ అఖిల భారత అధ్యక్ష స్థానంలోకి ఒక మహిళ, మన తెలుగావిడ కె. హేమలత, రావడానికి ఆ తరువాత కూడా దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

కనుక నా సలహా: ఉపసంఘం తప్పక పెట్టించండి, అయితే దాని కన్వీనరు హోదారీత్యా కార్యవర్గంలోను, చర్చల బృందంలోను సభ్యురాలై ఉండాలని సంఘ నిబంధనల్లోనే రాయించండి. ఆ రెండో భాగం లేకపోతే ఉపసంఘం అంటే ముగ్గుల కమిటీయే. మా సంఘంలో జరిగింది అదే, అందులో నా తప్పూ ఉంది. మా సమావేశాలు సాయంత్రం ఆరు దాటాక టీ కొట్టు వెనుక గదిలో మొదలై తొమ్మిదింటి దాకా సాగేవి. మహిళలు ఎందుకు రావడం లేదని మేము ప్రతి మహాసభ నివేదికలోను ఆవేదన వ్యక్తం చేసేవాళ్ళం. సమావేశం వేళ మార్చాలన్న ఆలోచన పందొమ్మిదేళ్ళలో ఒక్కరికీ రాలేదు.

టెస్టింగ్_బెంచి
పెద్దాయనా, మా దగ్గర ఇప్పటికీ అంతే. జనరల్ షిఫ్టు 4.45కి వదిలితే కార్యవర్గ సమావేశం 5.30కి మొదలవుతుంది. కంపెనీ బస్సు తప్పితే నేను హొసకోటె చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. శక్తి పథకం వచ్చాక 2023 జూన్ నుంచి కర్ణాటక సర్కారు బస్సులో మహిళలకు టికెట్ డబ్బు లేదు కనుక “ఇంకేం ఇబ్బంది” అని మా సహాయ కార్యదర్శి అంటారు. టికెట్ ఉచితమే, సిల్క్ బోర్డు కూడలి దగ్గర నిలబడే గంట ఉచితం కాదు.

నైటు_నాగరాజు
హొసకోటెకు సిల్క్ బోర్డు మీదుగా ఎందుకు వెళుతున్నారు?

టెస్టింగ్_బెంచి
అమ్మను డయాలసిస్ నుంచి తీసుకుని వెళ్ళాలి కనుక.

నైటు_నాగరాజు
క్షమించండి.

మల్లేశ్వరం_మధు
పాతకాపు గారి చరిత్ర బాగుంది కాని, సంఘం లోపలే మెట్లు కట్టుకుంటూ కూర్చుంటే ఎన్నేళ్ళు పడుతుందో ఆయన లెక్కే చెబుతోంది. 2015లో కేరళలోని మున్నారు తేయాకు తోటల మహిళలు 20 శాతం బోనస్ కోసం రోడ్డెక్కినప్పుడు యాజమాన్యంతో పాటు తమ సంఘ నాయకులనూ దూరంగా ఉంచారు. 2016 ఏప్రిల్‌లో మన బెంగళూరులోనే గార్మెంటు మహిళలు భవిష్యనిధి ఉపసంహరణ నిబంధనకు వ్యతిరేకంగా ఏ పెద్ద సంఘమూ పిలుపు ఇవ్వకుండానే రహదారులను స్తంభింపజేస్తే, కేంద్రం రెండు రోజుల్లో వెనక్కి తగ్గింది. అవసరమైతే బయటి నుంచి ఒత్తిడి తేవడమే మార్గం.

కోలారు_శీను
మధు గారూ, ఆ రెండుచోట్లా మహిళలే అత్యధికులు. ఇక్కడ 1,900 మందిలో 230 మంది, అంటే నూటికి పన్నెండు మంది. 230 మంది గేటు బయట కూర్చుంటే ఉత్పత్తి ఆగదు. ఐక్యతే దారి అని నేను అనడానికి కారణం ఇదే. అయితే ఇదే లెక్కను మరో వైపు నుంచి చూడండి. మా సంఘంలో పోయినసారి అధ్యక్ష పదవి 64 ఓట్ల తేడాతో తేలింది. మీ దగ్గర కూడా రెండు ప్యానెళ్ళు పోటాపోటీగా ఉంటే 230 ఓట్లు తక్కువేమీ కాదు. నామినేషన్లకు ముందే రెండు ప్యానెళ్ళనూ పిలిచి, డిమాండ్లు చదివించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో_షిఫ్టు
ఈ పోస్టు రాసింది మొదటి పోస్టు రాసిన శీను గారేనా?

కోలారు_శీను
అతనే. మా ఆవిడ పక్కన కూర్చుని చదువుతోంది.

చట్టం_చదివినవాడు
ఒక విషయం గమనించండి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల నియమావళి అనే కేంద్ర చట్టం అమలులోకి వచ్చింది. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో ఇరుపక్షాల నుంచి సమాన సంఖ్యలో, మొత్తం పది మందికి మించకుండా సభ్యులు ఉండాలి. మొత్తం కార్మికులలో మహిళల నిష్పత్తి ఎంతో, కమిటీలో వారి ప్రాతినిధ్యం అంతకు తగ్గకూడదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 2010లో చేర్చిన కమిటీలో “వీలైనంత వరకు” అనే మెలిక ఉండేది. మీ 12 శాతానికి పది మందిలో కనీసం ఇద్దరు రావాలని వాదించవచ్చు, ఎందుకంటే ఒక్కరే ఉంటే అది పది శాతమే, నిష్పత్తి కంటే తక్కువ.

మల్లేశ్వరం_మధు
యాజమాన్యం తన వైపు నుంచి హెచ్.ఆర్. అధికారిణులు ఇద్దరిని కూర్చోబెట్టి లెక్క సరిచేస్తుంది.

చట్టం_చదివినవాడు
అలా కుదరదు. చట్టం అన్నది “మహిళా కార్మికులు” అని. అధికారిణి ఆ లెక్కలోకి రారు. కాని ఆ కమిటీ వ్యక్తిగత ఫిర్యాదులకే పనికివస్తుంది, వేతన ఒప్పందం దాని పరిధి కాదు. చర్చల బల్ల దగ్గర మహిళలు ఎందరుండాలో నియమావళి చెప్పదు. 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం అవుతుంది, అలాంటిది లేకపోతే ఒక్కో 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున మండలి ఏర్పడుతుంది. ఆ మండలిలోకి సంఘం తరఫున ఇద్దరో ముగ్గురో వెళ్ళే పక్షంలో మహిళ పేరు ముందుగా తెగిపోతుంది. పాతకాపు గారు చెప్పినట్లు సంఘం సొంత నిబంధనల్లో రాసుకోవడం తప్ప మరో రక్షణ లేదు.

హెబ్బాళ_హంస
ఇంత గొడవ ఎందుకు, విప్స్ ఉంది కదా? ప్రభుత్వరంగ మహిళల కోసమే 1990లో ప్రభుత్వరంగ సంస్థల సమాఖ్య స్కోప్ ఆధ్వర్యంలో ఏర్పాటైన వేదిక. మా సంస్థ ప్రతి ఏడాది సమావేశానికి పంపుతుంది, శిక్షణ తరగతులు చాలా బాగుంటాయి.

బ్యాంకు_రమ
హంస గారూ, ఆ వేదిక చేసే మంచి పనిని కాదనను. కాని మిమ్మల్ని అక్కడికి ఎవరు పంపుతున్నారో మీ వాక్యంలోనే ఉంది. యాజమాన్యం ఖర్చుతో నడిచే చోట యాజమాన్యం మీద డిమాండు పెట్టలేం. పైగా అక్కడికి వెళ్ళేవారిలో ప్లేటింగ్ షాపులోనో సోల్డరింగ్ బల్ల దగ్గరో పనిచేసేవారు ఎందరు?

హెబ్బాళ_హంస
ఆలోచిస్తే, మా సంస్థ నుంచి వెళ్ళిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది అధికారిణులమే. ఆ తొమ్మిదో ఆవిడ ఫొటోలు తీశారు.

అజ్ఞాత_సభ్యురాలు
లైంగిక వేధింపుల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. ఊరు, సంస్థ చెప్పను. నాలుగేళ్ళ క్రితం నేను ఒక సహోద్యోగి మీద అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేశాను. ఆయనా, నేనూ ఒకే సంఘం సభ్యులం. వారం తిరక్కుండానే సంఘం ఆయనకు ఒక సహాయకుణ్ణి ఇచ్చింది, శాఖాపరమైన విచారణలు ఎన్నో చూసి చేయి తిరిగిన మనిషిని. కమిటీ ముందుకు న్యాయవాదులు రాకూడదని 2013 చట్టం కింద చేసిన నిబంధనల్లో ఉంది. కాని ఆ సహాయకుడికి న్యాయవాదికి తెలిసినంతా తెలుసు. నా వైపు ఎవరూ లేరు. వెళ్ళి అడిగితే, “ఆయన మన సభ్యుడమ్మా, సభ్యుణ్ణి కాపాడటం సంఘ ధర్మం” అన్నారు. నేనూ నెలనెలా జీతంలోంచి చందా కడుతున్న సభ్యురాలినే అన్న సంగతి ఆ గదిలో ఉన్న ఐదుగురిలో ఒక్కరికీ తోచలేదు. నేను చెప్పాక కూడా వారికి అది అర్థం కావడానికి కొంత సమయం పట్టింది, ఆ కొద్ది నిమిషాల మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరువాత గేట్ మీటింగులో “కొందరు మన కార్మికుల మీద తప్పుడు ఫిర్యాదులు చేస్తున్నారు” అని ఒక నాయకుడు మైకులో అన్నాడు. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. కమిటీ నా ఫిర్యాదు నిజమని తేల్చింది, ఆయనకు ఇంక్రిమెంట్లు కోశారు. సంఘం మాత్రం ఇప్పటికీ నాకు జవాబు చెప్పలేదు. అయినా సభ్యత్వం వదులుకోలేదు. వదులుకుంటే ఆ గది పూర్తిగా వారిదే అవుతుంది.

పెరంబూరు_పాతకాపు
అమ్మా, నేను ఇలాంటి గదిలోనే అటువైపు కూర్చున్నవాణ్ణి కనుక సూటిగా రాస్తాను. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికి సహాయం దొరకడం న్యాయమే, దాన్ని తీసివేయమని నేను అనను. అయితే ఇద్దరూ సభ్యులైనప్పుడు సంఘం ఇద్దరికీ సమాన అనుభవం ఉన్న సహాయకులను ఇవ్వాలి, లేదా ఎవరికీ ఇవ్వకూడదు. ఆఫీసు బేరర్లు ఎవరూ ఏ పక్షానా కనిపించకూడదు. గేట్ మీటింగులో ఆ ప్రస్తావన తేవడం సంఘ క్రమశిక్షణను ఉల్లంఘించడమే అని తీర్మానం ఉండాలి. చట్టం కూడా గోప్యత కోరుతోంది.

చట్టం_చదివినవాడు
గోప్యత నిబంధన విచారణతో సంబంధం ఉన్నవారికి వర్తిస్తుంది, ఉల్లంఘిస్తే నిబంధనల ప్రకారం 5,000 రూపాయలు వసూలు చేయవచ్చు. ఆ మొత్తం చూసి మైకు పట్టుకున్న నాయకుడెవరూ భయపడడు కనుక సంఘ తీర్మానమే మేలు.

కోలారు_శీను
ఈ అంశాన్ని ఏడవదిగా చేర్చండి. ఇది యాజమాన్యానికి పెట్టే డిమాండు కాదు, మనం మనకు పెట్టుకోవలసింది.

క్యాంటీన్_కౌంటరు
మొదటి పోస్టులో ఆరో అంశంగా కాంట్రాక్టు మహిళల క్రెష్ గురించి రాశారు. నేను అలాంటి కాంట్రాక్టులోనే క్యాంటీన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. కాంట్రాక్టరు నాలుగుసార్లు మారాడు, నేను మారలేదు. ఒక్కో మార్పు దగ్గర సర్వీసు కొత్తగా మొదలైనట్లు రాస్తారు. నా రెండో కాన్పుకు ముందు కాంట్రాక్టరు మారితే, 80 రోజుల పని పూర్తి కాలేదని ప్రసూతి భత్యం ఎగ్గొట్టబోయారు. ఈఎస్ఐ చందా పాత నంబరు మీదే కొనసాగినందువల్ల 26 వారాల భత్యం అక్కడి నుంచి వచ్చింది, లేకపోతే ఏమీ లేదు. మేము పర్మినెంటు వారి సంఘంలో సభ్యులం కాలేమని నిబంధన. మీ 230లో మేము లేము. మేము ఎందరమో మీకు తెలుసా?

టెస్టింగ్_బెంచి
తెలియదు. తెలుసుకోకపోవడం నా తప్పు.

క్యాంటీన్_కౌంటరు
నేను చెప్పేది మా కర్మాగారం లెక్క: హౌస్‌కీపింగ్, క్యాంటీన్, తోటపని కలిపి 170 మంది. మీ దగ్గరా అంతకు తక్కువ ఉండరు. తప్పు పట్టడానికి అడగలేదు. పాత కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద నిబంధనల్లోనే 20 మంది మహిళలుంటే పిల్లలకు గదులు ఉండాలని ఉండేది. మా దగ్గర పర్మినెంటు వారి క్రెష్ గదిలో సాయంత్రం పూట ఆరు ఉయ్యాలలు ఖాళీగా ఉంటాయి, వాటిని తుడిచేది మేమే.

పాత_స్టోరు_పక్కన
ఋతు సెలవు సంగతి కూడా చేరుస్తారా? 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నెలకొక రోజు వేతనంతో ఇవ్వాలని ఆమోదించింది కదా.

రెండో_షిఫ్టు
నాకు ఇందులో సందేహం ఉంది. సూపర్‌వైజరు దగ్గర ఆ పేరుతో సెలవు అడగడం మా విభాగంలో సగం మందికి ఇష్టం లేదు. ఓవర్‌టైమ్ పంచేటప్పుడు “మీరు ఎలాగూ సెలవు పెడతారు” అంటారన్న భయమూ ఉంది. మాకు ముందు మరుగుదొడ్డి కావాలి.

పాత_స్టోరు_పక్కన
మరుగుదొడ్డి లేనిచోట ఆ రోజు సెలవే దిక్కు అక్కా. రెండూ అడగాలి.

మా_అమ్మ_సమ్మె
1980 డిసెంబరు నుంచి 1981 మార్చి దాకా బెంగళూరు ప్రభుత్వరంగ కర్మాగారాల్లో 77 రోజుల సమ్మె జరిగినప్పుడు మా అమ్మ అసెంబ్లీ విభాగంలో ఉండేది. ఆ 77 రోజులూ సమ్మె శిబిరంలో వంట ఆడవాళ్ళదే. సమ్మె ముగిశాక సంఘం అచ్చువేసిన సంచికలో వంటవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పారు, సమ్మె చేసినవాళ్ళ జాబితాలో మాత్రం వారి పేర్లు రాలేదు. అమ్మ ఆ సంచిక దాచింది, పేరు లేదని తెలిసి కూడా.

టెస్టింగ్_బెంచి
ఈ చర్చ మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. జరిగింది చెబుతాను. రమ గారు చెప్పినట్లు ఆరు అంశాలనూ అంకెలతో తిరిగి రాశాను. పాత స్టోరు నుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో మా మహిళలు నలుగురం టేపు పట్టుకుని కొలిచాం, సెక్యూరిటీ అబ్బాయి ఏదో కొత్త కట్టడం వస్తోందనుకుని తనే టేపు రెండో కొస పట్టుకున్నాడు. పిల్లల సంరక్షణ సెలవు దగ్గర, కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుంచి ఉన్న 730 రోజులు ప్రభుత్వరంగ సంస్థలకు దానంతట అదే వర్తించదు కనుక, మన సెలవు నిబంధనల్లో చేర్చాలని స్పష్టంగా రాశాను. శీను గారు చెప్పిన ఓట్ల లెక్క గుర్తుపెట్టుకుని 230 మందిలో 187 మంది సంతకాలు తీసుకున్నాం. సంతకాలు చూశాక ప్రధాన కార్యదర్శి కాగితాన్ని రెండోసారి చదివారు.

ఫలితం పూర్తిగా మన వైపు లేదు. ఆరింటిలో నాలుగు విడివిడి అంశాలుగా 9 నుంచి 12 వరకు వచ్చాయి. పదోన్నతి హాజరు సంగతి “న్యాయ సలహా తరువాత” అని పక్కన పెట్టారు. కాంట్రాక్టు మహిళల క్రెష్‌ను మన సభ్యులు కానివారి డిమాండని తీసివేశారు, నేను అసమ్మతి నమోదు చేయించాను. క్యాంటీన్_కౌంటరు గారూ, మా దగ్గర మీవంటివారు 212 మంది ఉన్నారు, ఈసారి లెక్కపెట్టాను. చర్చల బృందంలో నన్ను ఎనిమిదో మనిషిగా, “పరిశీలకురాలు” అన్న పేరుతో చేర్చారు. కార్యవర్గ సమావేశం మాత్రం ఇకపై నెలకొకసారి భోజన విరామంలో జరుగుతుంది.

ఉపసంఘం కన్వీనరుకు హోదారీత్యా చర్చల బృందంలో స్థానం ఇవ్వాలని, ఇద్దరూ సభ్యులైన ఫిర్యాదులలో సంఘం పాత్ర గురించి, రెండు తీర్మానాలు వచ్చే సర్వసభ్య సమావేశానికి పెడుతున్నాం. అక్కడ సగానికి పైగా కన్నడ మాత్రమే చదివేవారు. నా కన్నడం మాట్లాడటానికి సరిపోతుంది కాని తీర్మానం రాయడానికి చాలదు. శుక్రవారంలోగా చక్కని కన్నడంలో రాసిపెట్టగలవారు ఎవరైనా ఉన్నారా?

కోలారు_శీను
మా ఆవిడ కన్నడ మాధ్యమంలో చదివింది. పంపించండి, రేపు రాత్రికి ఇస్తానంటోంది. వడ అంశం ఇంకా పైనే ఉందా అని కూడా అడగమంటోంది.

టెస్టింగ్_బెంచి
వడ ఇప్పుడు 13వ అంశం, మన నాలుగింటి కింద.